తెరమీద శిఖరం, ఆకాశంలో సంకేతం: సెటీ ఎట్ హోమ్ చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

2020 మార్చి 31న సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టు తన వలంటీర్లకు కొత్త పని పంపడం ఆపేసింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మే 17న మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు కోసం ప్రపంచమంతటా యాభై లక్షలకు పైగా జనం తమ ఇంటి కంప్యూటర్లను, ఆఫీసు కంప్యూటర్లను పనిలో పెట్టారు. గ్రహాంతర నాగరికత పంపిన రేడియో సంకేతం ఏదైనా ఉందేమో వెతకడం లక్ష్యం. అలాంటిది ఉందని రుజువు కాలేదు. అయితే ఆ రెండు దశాబ్దాల్లో ‘ఇదిగో వింత సంకేతం’ అన్న కబురు మాత్రం పదేపదే లేచింది, పదేపదే చల్లారింది.

ఆ కబుర్ల చుట్టూ జరిగిన వాదన ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఒకరు గణాంకాల గురించి మాట్లాడతారు. ఒకరు రాడార్ల గురించి, మొబైల్ టవర్ల గురించి మాట్లాడతారు. ఇంకొకరు కంప్యూటర్ ఇచ్చిన వలంటీరుకు నిజం చెప్పారా లేదా అని నిలదీస్తారు. అందరూ ఒకే ప్రశ్నకు జవాబిస్తున్నామనే అనుకుంటారు గానీ, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ప్రాజెక్టు బృందం తన తుది విశ్లేషణను 2025లో ఆస్ట్రనామికల్ జర్నల్‌లో రెండు పత్రాలుగా ప్రచురించింది కనుక, ఏది తేలిందో ఏది తేలలేదో విడదీసి చూడడానికి ఇది తగిన సమయం.

టెలిస్కోప్ నుంచి ఇంటి కంప్యూటర్‌కు

వాదనలోకి దిగే ముందు యంత్రం ఎలా నడిచేదో తెలియాలి. ఎందుకంటే సగం అపార్థాలు అక్కడే పుట్టాయి.

ఇంటి కంప్యూటర్లతో ఈ అన్వేషణ చేయవచ్చన్న ఆలోచన డేవిడ్ గెడీది. డేవిడ్ ఆండర్సన్, డాన్ వర్తిమర్, వుడీ సలివాన్, ఎరిక్ కోర్పెలా వంటివాళ్లు దాన్ని నడిపించారు. సమాచారం పోర్టోరికోలోని అరెసీబో టెలిస్కోప్ నుంచి వచ్చేది. 305 మీటర్ల ఆ పళ్లెం మీద సెటీకి సొంత హక్కు లేదు. వేరే ఖగోళ శాస్త్రవేత్తలు తమ పని కోసం దాన్ని ఎటు తిప్పితే అటు, సెటీ పరికరం పక్కన కూర్చుని రికార్డు చేసుకునేది. ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి ఆకాశాన్ని చూసే వీలు దీనివల్ల కలిగింది. కానీ అనుమానం వచ్చిన చోటుకి వెంటనే తిరిగి గురిపెట్టి చూసే అవకాశం మాత్రం లేకుండా పోయింది. తర్వాత వచ్చిన తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

1420 మెగాహెర్ట్జ్ చుట్టూ, అంటే హైడ్రోజన్ పరమాణువు సహజంగా వెలువరించే ఫ్రీక్వెన్సీ చుట్టూ, 2.5 మెగాహెర్ట్జ్ వెడల్పున రికార్డు చేసిన సమాచారాన్ని టేపుల మీద బర్కిలీకి పంపేవారు. అక్కడ దాన్ని 256 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీలో 107 సెకన్ల ముక్కను ఒక వర్క్ యూనిట్‌గా వలంటీరుకు పంపేవారు. ఆ ముక్క సైజు సుమారు 350 కిలోబైట్లే. డయల్‌అప్ కాలంలో కూడా దిగుమతి కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత కంప్యూటర్ చేసే లెక్కలో ఉంది.

107 సెకన్లు అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. టెలిస్కోప్ కదలకుండా ఉంటే, భూమి తిరగడం వల్ల ఆకాశంలో ఒక బిందువు దాని చూపులోంచి సుమారు 12 సెకన్లలో దాటిపోతుంది. దూరం నుంచి వచ్చే అసలైన సంకేతం అయితే ఆ 12 సెకన్లలో మెల్లగా పెరిగి, శిఖరానికి చేరి, మెల్లగా తగ్గాలి. గంట ఆకారంలో ఉండే ఈ వంపునే గాసియన్ అంటారు. నేలమీది ట్రాన్స్‌మిటర్ అయితే ఇలా పెరిగి తరగదు, ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. గాసియన్లతో పాటు ఒక్కసారిగా లేచే స్పైక్‌లు, క్రమం తప్పకుండా కొట్టుకునే పల్స్‌లు, సమాన దూరంలో మూడు వచ్చే ట్రిప్లెట్‌లు కూడా ప్రోగ్రాం వెతికేది.

ఇంకో మెలిక డాప్లర్ జారుడు. భూమి తిరుగుతుంది, పంపేవాళ్ల గ్రహమూ తిరుగుతుంది. కాబట్టి సంకేతం ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిలవదు. అరెసీబో దగ్గర భూభ్రమణం ఒక్కటే తీసుకుంటే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ జారుడు సెకనుకు సుమారు 0.15 హెర్ట్జ్ మించదు. అవతలి గ్రహం ఎలా తిరుగుతుందో తెలియదు కనుక, సెకనుకు పదుల హెర్ట్జ్ దాకా అన్ని జారుడు వేగాలనూ ప్రోగ్రాం ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. అంత లెక్క ఏ ఒక్క సంస్థ కంప్యూటరూ అప్పట్లో మోయలేకపోవడం వల్లే జనం కంప్యూటర్లు అవసరమయ్యాయి.

రొదే శిఖరాలను పుట్టిస్తుంది

స్క్రీన్ సేవర్‌లో రంగురంగుల త్రీడీ గ్రాఫ్ కదులుతూ ఉండేది. దాని మధ్య ఒక పొడవాటి శిఖరం లేస్తే చూసేవాళ్లకు గుండె ఝల్లుమనడం సహజం. ఈ ప్రాజెక్టు గురించి వలంటీర్లు అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ శిఖరం గురించే. దానికి జవాబు లెక్కలోనే ఉంది, కాస్త ఓపిక పడితే ఎవరికైనా అందుతుంది.

ఒక వర్క్ యూనిట్‌లో సుమారు పది లక్షల నమూనాలుంటాయి. వాటిని రకరకాల జారుడు వేగాలతో, రకరకాల సూక్ష్మతలతో సుమారు లక్ష విధాలుగా పరీక్షిస్తారనుకుందాం. మొత్తం పది వేల కోట్ల పరీక్షలు. స్పైక్‌గా నమోదు కావాలంటే శక్తి సగటు రొదకు 24 రెట్లు ఉండాలన్నది షరతు. కేవలం రొద అంత ఎత్తుకు లేచే అవకాశం ఒక్కో పరీక్షలో 2,600 కోట్లకు ఒకటి. వినడానికి అసాధ్యం లాగే ఉంది. కానీ పది వేల కోట్ల సార్లు చూస్తున్నప్పుడు, ఆకాశంలో ఎవరూ లేకపోయినా సగటున నాలుగు స్పైక్‌లు దొరకాల్సిందే. లాటరీలో ఒక్క టికెట్‌కు బహుమతి రావడం వింత. ఊళ్లో అందరూ కొన్నప్పుడు ఎవరో ఒకరికి రావడం వింత కాదు.

ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా విషయం అంతా ఇందులో ఉంది. ఒక సంకేతం ఎంత బలంగా ఉందన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎన్నిచోట్ల వెతికితే అది దొరికిందో కూడా చెప్పాలి. వలంటీరు కంప్యూటర్‌కు ఆ రెండో అంకె తెలిసే వీలు లేదు. దాని ముందున్నది 107 సెకన్ల ముక్క ఒక్కటే. అందుచేత వింతో కాదో తేల్చడానికి వలంటీరు తెర సరైన చోటు కాదు. ఈ మాట ప్రాజెక్టు మొదటి రోజు నుంచే ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. స్క్రీన్ సేవర్ అందంగా ఉండడం వల్ల జనం చేరారు, అదే అందం వల్ల తప్పుగా చదివారు.

ఇంటి యంత్రం పుట్టించే వింతలు

ఆకాశానికి, టెలిస్కోప్‌కు సంబంధం లేకుండా వలంటీరు కంప్యూటరే పుట్టించే వింతలు ఇంకో రకం. కొన్ని వర్క్ యూనిట్లు గంటల తరబడి నడవాల్సింది పోయి క్షణాల్లో ముగిసేవి. ముప్పై సంకేతాలు దొరకగానే ప్రోగ్రాం ఇక చాలని ఆగిపోయి, మైనస్ 9 అన్న కోడ్‌తో ఓవర్‌ఫ్లో అని రాసేది. కొత్తగా చేరినవాళ్లకు అది పంట పండినట్టు అనిపించేది. ఆ ముక్కలో రాడార్ రొద నిండిపోయిందనో, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి తప్పుడు లెక్కలు కడుతోందనో దాని అర్థమని పాతవాళ్లకు తెలుసు. పోర్టోరికోలో విమానాశ్రయ రాడార్, సైనిక రాడార్ అరెసీబో సమాచారాన్ని ఎంతగా పాడుచేసేవంటే, వాటి పల్స్‌లు వచ్చే క్షణాలను గుర్తించి చెరిపేసే ఏర్పాటు ప్రత్యేకంగా చేయాల్సి వచ్చింది.

దీనికి విరుగుడు సూటిగానే ఉంది. ఒకే వర్క్ యూనిట్‌ను కనీసం ఇద్దరికి పంపి ఫలితాలు సరిచూడడం. వేగం పెంచిన ప్రాసెసర్లు, లోపమున్న మెమరీ, చేసిన పనికి వచ్చే క్రెడిట్ పాయింట్లు పెంచుకోవడానికి ఫలితాలను అటూ ఇటూ మార్చి పంపిన కొద్దిమంది అత్యాశపరులు, అందరూ ఈ జల్లెడలోనే పట్టుబడేవారు. రెండు కంప్యూటర్లలో ఒక్కదానికే కనిపించిన సంకేతం సంకేతం కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

కేసుల చరిత్ర

సెటీ ఎట్ హోమ్‌లో పుట్టిన కబుర్లను విడిగా చూస్తే సరిగా అంచనా వేయలేం. రేడియో ఖగోళశాస్త్రంలో వింత సంకేతాల చరిత్ర పొడవైంది. వాదనలో ఇరుపక్షాలూ తమకు నచ్చిన కేసును ఎత్తి చూపడం అలవాటు చేసుకున్నాయి.

ఆశావాదులు ఎప్పుడూ ముందుకు తెచ్చేది 1967 నాటి కేంబ్రిడ్జ్ ఉదంతం. జోసెలిన్ బెల్ రోజూ వంద అడుగుల దాకా వచ్చే చార్టు కాగితాన్ని కంటితో చదువుతూ, రొదకూ మామూలు సంకేతానికీ చెందని ఒక చిన్న గీతల గుబురును పట్టుకుంది. అది నక్షత్రాల గడియారాన్ని అనుసరించి వస్తోందని గమనించింది. వేగంగా రికార్డు చేస్తే 1.33 సెకన్లకు ఒకసారి కొట్టుకునే పల్స్ బయటపడింది. సరదాగా ‘చిన్న పచ్చ మనుషులు’ అని పేరుపెట్టుకున్నారు. కొద్ది వారాల్లో ఆకాశంలో వేరే దిక్కున అలాంటిదే రెండోది దొరకడంతో గ్రహాంతరవాసుల మాట పక్కకు పోయింది. వేర్వేరు మూలల నుంచి రెండు నాగరికతలు ఒకే పద్ధతిలో, ఒకేసారి భూమికి పంపుతున్నాయనడం కుదరదు. అలా పల్సార్లు బయటపడ్డాయి. వింతను పారేయకపోవడం వల్ల వచ్చిన లాభానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కానీ ఆశావాదులు ఒకటి మరిచిపోతారు. ఆ సంకేతం మళ్లీ మళ్లీ వచ్చింది. రాకపోయి ఉంటే అది చార్టు మీద మచ్చగానే మిగిలేది.

మళ్లీ రానిదానికి ఉదాహరణ 1977 ఆగస్టు 15న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం బిగ్ ఇయర్ టెలిస్కోప్‌లో నమోదైన ‘వావ్’ సంకేతం. ప్రింటౌట్‌లో 6ఈక్యూయూజే5 అన్న వరుస చుట్టూ జెర్రీ ఎహ్మన్ గీత గీసి పక్కన ఆ ఒక్క మాట రాశాడు. నేపథ్యం కంటే ముప్పై రెట్లు బలం, 72 సెకన్ల నిడివి. ఆ 72 సెకన్లను పంపినవాళ్ల లక్షణంగా చాలామంది చెబుతారు గానీ, అది టెలిస్కోప్ లక్షణం. ఒక బిందువు బిగ్ ఇయర్ చూపులోంచి దాటడానికి పట్టే సమయం అది. బిగ్ ఇయర్‌కు పక్కపక్కనే రెండు హార్న్‌లున్నాయి. ఒకటి చూసినదాన్ని రెండోదీ కొద్ది నిమిషాల తేడాతో చూడాలి. ఒక్కటే చూసింది. తర్వాత వెరీ లార్జ్ అర్రే సహా మరే టెలిస్కోప్‌కూ అది చిక్కలేదు. తోకచుక్కలు కారణమని 2017లో ఒక వాదన వచ్చింది, ఖగోళ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చల్లని హైడ్రోజన్ మేఘం ఏదో తీవ్రమైన విస్ఫోటనం వల్ల ఒక్కసారి మెరిసి ఉండవచ్చని 2024లో ఆబెల్ మెండెజ్ బృందం ప్రతిపాదించింది. ఆసక్తికరమైన ఊహే. ఊహ దాటి ముందుకు పోలేదు.

సెటీ ఎట్ హోమ్ సొంత కేసు ఎస్‌హెచ్‌జీబీ02+14ఏ. అప్పటిదాకా ఒకటికంటే ఎక్కువసార్లు కనిపించిన సుమారు 200 చోట్లను 2003 తొలి నెలల్లో బృందం అరెసీబోతోనే మళ్లీ చూసింది. మీనం, మేషం రాశుల మధ్య దిక్కున 1420 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించిన ఈ సంకేతం మూడోసారి కూడా నమోదైంది. 2004 సెప్టెంబర్‌లో న్యూ సైంటిస్ట్ పత్రిక దాన్ని ఇప్పటిదాకా దొరికిన వాటిలో మంచి అభ్యర్థిగా పరిచయం చేయడంతో ప్రపంచమంతా వార్త పాకింది. వెంటనే బృందమే అందులో ఏమీ లేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ కేసులో అంకెలు చూస్తే సంగతి బోధపడుతుంది. మూడు పరిశీలనలూ కలిపి ఒక నిమిషం పాటు ఉంది. వెయ్యి కాంతి సంవత్సరాల లోపల ఆ దిక్కున చెప్పుకోదగ్గ నక్షత్రం లేదు. జారుడు సెకనుకు 8 నుంచి 37 హెర్ట్జ్, అంటే భూభ్రమణం కలిగించేదానికి సుమారు 50 నుంచి 240 రెట్లు. అంత వేగంగా జారేది మూడుసార్లూ మొదట్లో అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా దొరికిందన్నది అసలు చిక్కు. అంత జారుడున్న మూలం మనం ఎప్పుడు చూసినా వేరే వేరే చోట్ల ఉండాలి. చూసిన ప్రతిసారీ మొదటికే వస్తోందంటే అనుమానం ఆకాశం మీద కాదు, పరికరం మీద పడాలి. కోట్ల సంకేతాల్లోంచి ఏరినప్పుడు మూడుసార్లు ఒకేచోట పడడం కేవలం కాకతాళీయం కూడా కావచ్చు. ఈ రెండింటిలో ఏదన్నది తేల్చలేదు. తేల్చే అవసరం కూడా లేకపోయింది.

నిరాశావాదుల చేతిలో ఉన్న ఆయుధాలు రెండూ ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌వి. 1998 నుంచి అక్కడ అప్పుడప్పుడు నమోదైన పెరిటాన్లు అనే వింత రేడియో పల్స్‌లు, వంటగదిలో మైక్రోవేవ్ అవెన్ ఆగకముందే తలుపు తెరిచినప్పుడు వస్తున్నాయని 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం పట్టుకుంది. ఈ కథ నవ్వించడానికి బాగా పనికొస్తుంది. నవ్వులో పడి రెండో సగం మరిచిపోతాం. పెరిటాన్లను పోలి ఉందన్న కారణంగానే, 2007లో డంకన్ లోరిమర్ బృందం ప్రకటించిన వేగవంతమైన రేడియో విస్ఫోటనాన్ని కొందరు చాలాకాలం నమ్మలేదు. అది నిజమైనదే. అరెసీబో 2012లో పట్టుకున్న అలాంటి విస్ఫోటనం తర్వాత మళ్లీ మళ్లీ మెరవడంతో ఆ రంగం మొత్తం గట్టి నేల మీద నిలబడింది. అవెన్ ఎంత పాఠం నేర్పిందో, అవెన్ భయం కూడా అంతే నష్టం చేసింది.

రెండోది బీఎల్‌సీ1. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు గురిపెట్టిన పార్క్స్ 2019 ఏప్రిల్‌లో 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని సంకేతాన్ని గంటల తరబడి నమోదు చేసింది. నక్షత్రం మీద గురి ఉన్నప్పుడు కనిపించి, పక్కకు తిప్పితే మాయమైంది. పరీక్షల్లో ఇదే అత్యంత గట్టిది. అయినా 2021లో సోఫియా షేక్ బృందం అదే సమాచారంలో వేరే ఫ్రీక్వెన్సీల దగ్గర అచ్చం అలాగే ప్రవర్తించే సంకేతాలను డజన్ల కొద్దీ వెతికి తీసింది. నేలమీది ఎలక్ట్రానిక్ గడియారాల ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించిన పిల్ల సంకేతం అది. గురి మార్చినప్పుడు మాయమవడం కాకతాళీయం.

మూడు వాదాలు

ఈ కేసుల నుంచి మూడు ధోరణులు స్థిరపడ్డాయి. ఒక్కో మనిషిని ఒక్కో ధోరణిలో బిగించడం సాధ్యం కాదు. ఒకే శాస్త్రవేత్త ఒక పత్రంలో ఒక వాదం, మరో పత్రంలో మరో వాదం చేయడం మామూలే.

మొదటిది గణాంక వాదం. ఒక్క సంకేతానికి అర్థం లేదని, ఆకాశంలో ఒకే చోట, ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర, వేర్వేరు రోజుల్లో పడిన సంకేతాల గుంపుకే అర్థం ఉందని ఇది అంటుంది. ఆ గుంపు రొద వల్లే ఏర్పడే అవకాశం ఎంతో లెక్కకట్టి అంకె ఇవ్వాలి. సెటీ ఎట్ హోమ్ తుది విశ్లేషణ ఈ పునాది మీదే నడిచింది. ఇందులోనూ లోపలి పేచీ ఒకటి ఉంది. పంపేవాళ్లు తమ గ్రహ భ్రమణాన్ని సరిచేసి పంపుతారా లేదా? సరిచేస్తే, మనవైపు భూమి కదలికను తీసేసిన తర్వాత ఫ్రీక్వెన్సీ ఏళ్ల తరబడి ఒకే చోట ఉండాలి. సరిచేయకపోతే వాళ్ల గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరిగినకొద్దీ అది జరుగుతూ ఉంటుంది. ఎంత వెడల్పు పట్టీలో ఉన్నవాటిని ‘ఒకే ఫ్రీక్వెన్సీ’గా లెక్కించాలన్నది దీన్నిబట్టి మారుతుంది. వెడల్పు పెంచితే కాకతాళీయాలు పెరుగుతాయి, తగ్గిస్తే అసలుదే జారిపోవచ్చు. బృందం రెండు విధాలుగానూ లెక్కవేసింది, అదే సబబు.

రెండోది శుద్ధి వాదం. ముందు మనుషులు పుట్టించిన రేడియో రొదను తొలగించాలని, తొలగించాక మిగిలేదాన్ని గురించే మాట్లాడాలని దీని పట్టు. ఏళ్ల తరబడి ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఆకాశంలో ఎటు చూసినా కనిపించేది మనదే. అరెసీబోలో 2006 నుంచి వాడిన ఏడు చూపుల అల్ఫా రిసీవర్‌లో, వేర్వేరు దిక్కులు చూస్తున్న చూపులన్నింటిలో ఒకేసారి కనిపించేదీ మనదే. ఈ వాదానికి రోజురోజుకూ బలం పెరుగుతోంది. ఉపగ్రహాలు, మొబైల్ ఫోన్లు, వైఫై పెరిగేకొద్దీ ఏ టెలిస్కోప్‌కైనా స్వచ్ఛమైన రేడియో నిశ్శబ్దం దొరకడం అరుదైపోయింది. పుణె దగ్గరి మన జీఎంఆర్‌టీ కూడా చుట్టుపక్కల కరెంటు తీగల రొదతో పోరాడుతూనే ఉంది.

మూడోది పరిరక్షణ వాదం. మళ్లీ రానిదాన్ని పారేయడం అన్యాయమని, లైట్‌హౌస్ కాంతిలా ఎప్పుడో ఒకసారి మనవైపు తిరిగే సంకేతం ఈ నియమాల కింద ఎప్పటికీ దొరకదని దీని ఫిర్యాదు. వలంటీర్ల సానుభూతి సహజంగానే ఇటువైపు. 2007లో గెలాక్సీ జూలో ఒక డచ్ టీచరు గమనించిన వింత ఆకుపచ్చ మేఘం, 2015లో ప్లానెట్ హంటర్స్ వలంటీర్లు బయటపెట్టిన, కాంతి ఇరవై శాతానికి పైగా తగ్గే కేఐసీ 8462852 నక్షత్రం ఈ వాదానికి సాక్షులు. అయితే ఒక తేడా ఉంది. ఆ రెండు ప్రాజెక్టుల్లో పనిచేసింది వలంటీరు కన్ను. సెటీ ఎట్ హోమ్‌లో పనిచేసింది వలంటీరు కరెంటు, ప్రాసెసర్. కన్ను ఊహించనిదాన్ని గుర్తుపడుతుంది. ప్రోగ్రాం తనకు చెప్పిన నాలుగైదు ఆకారాలనే గుర్తుపడుతుంది. పరిరక్షణ వాదులు ఆ విజయాలను ఇక్కడికి తెచ్చి వాడుకోవడం చెల్లదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక్కోదాని భయం ఒక్కోటి. లేనిదాన్ని ఉందని చెప్పేస్తామన్నది గణాంకవాది భయం. మనదాన్ని పరాయిదని పొరబడతామన్నది శుద్ధివాది భయం. ఉన్నదాన్ని పోగొట్టుకుంటామన్నది పరిరక్షణవాది భయం. మొదటి రెండు భయాలకు పద్ధతులు దొరికాయి. మూడోదానికి ఈమధ్యే దొరుకుతోంది.

ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ చెప్పే తేడా

ఇంటి కంప్యూటర్లతో ఏమీ దొరకదన్న నిరాశకు అడ్డంగా నిలిచే ప్రాజెక్టు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్. 2005లో గురుత్వ తరంగాల కోసం మొదలై, తర్వాత అరెసీబో రేడియో సమాచారంలో పల్సార్లనూ వెతికింది. 2010లో పీఎస్‌ఆర్ జే2007+2722 అనే, సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే పల్సార్‌ను పట్టుకుంది. అమెరికాలోని అయోవా నుంచి ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీ నుంచి మరొకరి కంప్యూటర్ దాన్ని గుర్తించాయి. వాళ్ల పేర్లు ప్రకటనలోకి ఎక్కాయి. అదే టెలిస్కోప్, అదే రకం వలంటీర్లు, దాదాపు అదే పద్ధతి. తేడా ఒక్కటే. పల్సార్ ఎలా ఉంటుందో ముందే తెలుసు, దొరికాక వేరే టెలిస్కోప్‌ను తిప్పితే అది అక్కడే ఉంటుంది. గ్రహాంతర సంకేతం విషయంలో ఈ రెండూ లేవు.

చెప్పాలా, ఆగాలా?

అంతర్జాతీయ వ్యోమయాన అకాడమీ 1989లో రూపొందించి 2010లో సవరించిన నియమావళి ప్రకారం, సంకేతం దొరికినవారు ముందు స్వతంత్రంగా ధ్రువీకరించుకోవాలి, ఆ తర్వాతే ప్రపంచానికి ప్రకటించాలి. ఒక ప్రకటన ఎంత ప్రధానమో సున్నా నుంచి పది దాకా కొలిచే రియో స్కేల్ కూడా ఉంది, 2018లో దాన్ని సవరించారు. కాగితం మీద అంతా సవ్యం. ఆచరణలో 2004 కేసు పత్రిక ద్వారా, బీఎల్‌సీ1 2020 డిసెంబర్‌లో గార్డియన్ పత్రికకు అందిన లీకు ద్వారా ధ్రువీకరణకు ముందే బయటపడ్డాయి. రష్యాలోని రాటన్-600 టెలిస్కోప్ 2015లో నమోదు చేసిన హెచ్‌డీ 164595 దిక్కు సంకేతం మరుసటి ఏడాది ఆగస్టులో వార్తల్లో హోరెత్తి, భూసంబంధమైనదిగా తేలి చల్లారింది.

దాచడం వల్లే పుకార్లు పుడుతున్నాయన్నది ఒక పక్షం మాట. ప్రతి అభ్యర్థినీ బయటపెడితే రేపు నిజమైనది వచ్చినా ఎవరూ నమ్మరన్నది రెండో పక్షం మాట. ఇందులో మొదటి పక్షం మాటే ఎక్కువ నిలుస్తుంది. బీఎల్‌సీ1 బృందం తన అనుమానాలను, పరీక్షలను, చివరికి తప్పు ఎక్కడ దొరికిందో అన్నీ వివరంగా ప్రచురించింది. ఆ తర్వాత దాని గురించి కుట్ర కథలు పెద్దగా నడవలేదు. ఏ వివరణా చేరని వలంటీరు మాత్రం తన ముక్క ఏమైందో తనకు తోచినట్టు ఊహించుకుంటాడు. లక్షల గంటల కరెంటు ఖర్చుపెట్టినవాళ్లకు ఫలితాల పత్రాలు అందడానికి 2025 దాకా పట్టడం, నిధుల కొరత ఎంత ఉన్నా, మంచి పద్ధతి అనిపించుకోదు.

ఇంకా తేలనివి

ఇరవై ఒక్క ఏళ్లలో పోగైన సంకేతాలు దాదాపు 1,200 కోట్లు. జర్మనీలోని హానోవర్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ అట్లాస్ సూపర్ కంప్యూటర్ సాయంతో ఆండర్సన్, కోర్పెలా బృందం వాటిని ముందు లక్షల స్థాయికి, తర్వాత మనిషి కూర్చుని చూడగలిగినన్నింటికి, చివరకు సుమారు వందకు తగ్గించింది. ఈ వడపోతలో వాళ్లు చేసిన మెచ్చదగిన పని, తాము తయారుచేసిన నకిలీ సంకేతాలను మూడు వేల దాకా సమాచారంలో కలిపి, తమ జల్లెడ వాటిలో ఎన్నింటిని పట్టుకుంటుందో చూసుకోవడం. దీనివల్ల ‘ఏమీ దొరకలేదు’ అన్న మాటకు ఒక కొలత వచ్చింది. ఎంత బలమైన సంకేతం ఉండి ఉంటే తప్పక దొరికేదో ఇప్పుడు చెప్పగలరు. పరిరక్షణవాదుల భయానికి ఇదే సరైన జవాబు.

పూర్తి జవాబు మాత్రం కాదు. నకిలీ సంకేతాలు కూడా మనం ఊహించిన ఆకారాలే. మనం ఊహించని ఆకారం ఈ పరీక్షలోనూ కనిపించదు. మనుషుల రొద అని కొట్టేసిన కోట్ల సంకేతాల్లో అసలుది ఏదైనా కొట్టుకుపోయిందా అన్న ప్రశ్న తమను కూడా వదలడం లేదని బృందం దాచకుండా చెప్పింది. యంత్ర అభ్యాసంతో ఈ లోటు తీరుతుందని కొందరి ఆశ. 820 నక్షత్రాల సమాచారాన్ని డీప్ లెర్నింగ్‌తో చదివిన పీటర్ మా అనే పరిశోధకుడి బృందం 2023లో ఎనిమిది ఆసక్తికర సంకేతాలను ఏరింది. మళ్లీ చూస్తే అవి కనిపించలేదు. కొత్త పద్ధతి కూడా పాత గుమ్మం దగ్గరే ఆగింది.

మరో లోటు పూడ్చలేనిది. అరెసీబో 2020 డిసెంబర్ 1న కూలిపోయింది. కాబట్టి పాత అభ్యర్థులను పాత పరికరంతోనే మళ్లీ చూసి సరిపోల్చడం ఇక సాధ్యం కాదు. వేరే టెలిస్కోప్‌లో కనిపించకపోతే, సంకేతం లేదని అనాలా, పరికరం మారిందని అనాలా అన్న సందేహం కొంతైనా మిగులుతుంది. ఆ వంద అభ్యర్థుల వైపు చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోప్‌ను 2025 జులై నుంచి గురిపెట్టి చూస్తున్నారు. అది అరెసీబో కంటే సున్నితమైన పరికరం. ఆ వందలో ఒక్కటి కూడా మళ్లీ కనిపించకపోతే, అరెసీబో చూసిన ఆకాశం మేరకు, 1420 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, ఆ బలానికి మించి నిలకడగా పలుకుతున్న మూలం లేదని గట్టిగా చెప్పవచ్చు. అంతకు మించి ఏదీ చెప్పడానికి ఈ సమాచారం చాలదు.